ఎర్రది మనది

"మూత జోలికి వెళ్ళకండి సార్. లోపల ఆవిరి కాచుకుని కూర్చుంటుంది. కనీసం ఓ గంట ఆగండి," అని చెప్పి, కార్లు చూసుకునే పెద్దాయన తన ప్లాస్టిక్ కుర్చీ వైపు వెళ్ళిపోయాడు. నేను బానెట్ ఎత్తి, దాని కడ్డీ ఆన్చి, ముందు నిలబడి ఉన్నాను. ఇంజను టిక్కు టిక్కుమంటోంది. కుట్టుమిషనైతే కాలు తియ్యగానే చక్రం రెండు చుట్లు తిరిగి ఊరుకుంటుంది. ఇది ఆగాక కూడా ఊరుకోదు, మాటా మాటా పెరిగి వంటింట్లోకి వెళ్ళిపోయిన మనిషిలా లోపల్లోపల గొణుక్కుంటూనే ఉంటుంది. గంట. లోపల మా ఆవిడకీ గంటే అన్నారు. నిన్న కుడికంటికి శుక్లం తీసి కట్టిన కట్టు ఇవాళ విప్పుతారు, చుక్కలు వేస్తారు, గోడ మీద అక్షరాలు చదివిస్తారు, తర్వాత డాక్టరు చూస్తాడు, అన్నీ కలిపి గంట పడుతుంది, మీరిక్కడ నించుని చేసేదేం లేదు, బయట కూర్చోండి అంది నర్సు. అలా ఇద్దరం ఒకే గంటలో చిక్కుకున్నాం. ఆమె లోపల కన్ను తెరవడానికి, నేను బయట ఒక మాట అడగడానికి.

ఆ మాట చాలా చిన్నది. ఇది ఏ రంగు? అంతే. నా చేతిలో ఒక సీసా ఉంది, మామూలు నీళ్ళ సీసా, అందులో సగం దాకా కూలెంట్, ఇంజను వేడెక్కకుండా పోసే రంగునీళ్ళు. మిగతా సగం పొద్దున్న నేనే ఈ కార్లో పోశాను. ఇది ఎరుపైతే ఇంజను చల్లారాక మిగిలిందీ పోసుకుని హాయిగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆకుపచ్చైతే బావమరిది కారు ఇంజనులో పోయకూడనిది పోశాను, ఇక తాళం తిప్పానంటే చేజేతులా దాన్ని పాడుచేసినట్టే. ఎవరికైనా ఒక్క చూపు చాలు. నాకు ఎన్ని చూపులైనా చాలవు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా నాకు తెలీదు. యాభై మూడేళ్ళొచ్చాయి. దర్జీని. ముప్పై ఏళ్ళుగా జనం బట్టలు కుడుతున్నాను. ఈ సంగతి లోకంలో ఒక్కరికి కూడా చెప్పలేదు, మా ఆవిడతో సహా.

పొద్దున్న బావమరిది ఫోన్ చేశాడు. మందుల కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగేవాడు, కారే వాడికి కాళ్ళు. ఏదో శిక్షణ ఉందని నాలుగు రోజులు రైల్లో వెళ్తూ, కంటి ఆపరేషనైన అక్కని బస్సుల్లో తిప్పుతావా ఏంటి బావా అని నిన్న రాత్రే తాళాలు నా చేతిలో పెట్టాడు. సోమవారం మళ్ళీ ఈ కారెక్కితేనే వాడి పని సాగేది. "బయల్దేరే ముందు ఓసారి కూలెంట్ చూడు బావా, ఈ మధ్య కొంచెం దిగుతోంది. ఇంజను పక్కన తెల్ల డబ్బా ఉంటుంది, దాని మీద రెండు గీతలు, వాటి మధ్య ఉండాలి. దిగితే గరాజ్‌లో అర మీద రెండు సీసాలున్నాయి. ఎర్రది మనది. ఆకుపచ్చది పాత వ్యాన్‌ది, దాన్ని ముట్టుకోకు, రెండూ కలిస్తే లోపల జిగురైపోతుందట." అలాగే అన్నాను. అలాగే అనడంలో నాకు యాభై ఏళ్ళ సాధన ఉంది. వెనక వీధిలో వాళ్ళ ఇంటికి వెళ్ళి గరాజ్ తలుపు ఎత్తాను. అర మీద రెండు నీళ్ళ సీసాలు, రెంటికీ కాగితాల్లేవు. పెద్ద డబ్బా వంచితే ఒలికిపోతుందని వాడు చిన్న సీసాల్లోకి వంపుకుంటాడు, నీళ్ళని ఎవరైనా తాగుతారేమోనని సీసాల మీద కాగితాలు చించేస్తాడు. వాడి జాగ్రత్తలన్నీ అలాగే ఉంటాయి. ముందు ఉన్నది కొంచెం లేత, వెనక ఉన్నది కొంచెం ముదురు. ఎరుపు నా కంటికి ముదురుగా తోస్తుందని నా అనుభవం. రోజూ వాడేది ముందు ఉంటుందని నా తర్కం. రెండూ కాసేపు కొట్టుకున్నాయి. కారు డబ్బా పక్కన ఒక్కో సీసా పెట్టి చూశాను, మూడూ పలచటి తేనెలాగే ఉన్నాయి. వెనక వీధి నిండా మనుషులున్నారు, ఎవర్ని పిలిచినా వచ్చేవాళ్ళు. పిలవలేదు. తర్కం గెలిచింది. పై గీత దాకా పోసి, మూత బిగించి, చేతులు తుడుచుకుని, ఎంత గర్వపడ్డానో.

దారిలో ఇంజను వేడి చూపించే ముల్లు సగం దాటింది. ఆమె పక్క సీట్లో ఉంది, కుడికన్ను కట్టులో, ఎడమకన్ను శుక్లంతో మసకలో. ఆమెకి ముల్లు కనపడదు. "ఏదో తీపి వాసన వస్తోందండీ," అంది. "ముందు బండిదయ్యుంటుంది," అన్నాను. ముందు బండి లేదు. అదీ ఆమెకి కనపడదు. ఆ అబద్ధం ఇప్పుడు ఇంజను పక్కన నిలబడ్డాక ముక్కుకి తగులుతోంది, తియ్యగా, కొంచెం మాడుగా.

అడగొచ్చు. ఎవర్నైనా అడగొచ్చు. కార్ల పెద్దాయన నాలుగు అంగల దూరంలో ఉన్నాడు, ఆ వయసులో కళ్ళజోడు కూడా లేదు. ఇందాక అడిగాను కూడా, నా పద్ధతిలో. రంగు పేరు నా నోట రాకుండా అవతలివాళ్ళ నోట రప్పించడం నా పద్ధతి. కొట్లో ఇది ఎప్పుడూ తప్పలేదు. గుడ్డ పైకెత్తి, దీని మీదికి ఏ బొత్తాలు నప్పుతాయంటారు అంటే చాలు, ఈ మెరూన్ మీదికి నల్లవే బాగుంటాయి కదండీ అని వాళ్ళే అనేస్తారు, మెరూన్ అని నేను చీటీ మీద రాసుకుంటాను. అలాగే సీసా ఎత్తి చూపించి, "దీని రంగు కొంచెం మారినట్టు లేదూ?" అన్నాను. ఆయన తల ఎత్తి చూశాడు. "మారింది సార్," అన్నాడు. "అసలు రంగులా లేదు కదా?" "అబ్బే, అసలు రంగులా లేనే లేదు సార్." "మరి ఏ రంగులోకి దిగినట్టుంది?" "మీరన్న రంగులోకే సార్," అన్నాడు, అంత మర్యాదస్తుడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. ముప్పై ఏళ్ళుగా కొట్లో నాకు దొరికిన జవాబుల్లో ఇలాంటి మర్యాదలెన్నో ఎవరికి తెలుసు.

భయం పాతది. దాని మొదలు ఎక్కడుందో నాకు కచ్చితంగా తెలుసు, బడిలో మూడో బల్ల దగ్గర. బొమ్మలో చెట్టు వేశాను, ఆకులకి రంగు వేశాను, చాలా శ్రద్ధగా, గీత దాటకుండా. టీచరు ఆ కాగితం ఎత్తి తరగతంతటికీ చూపించింది. మెచ్చుకుంటోందనుకుని లేచి నిలబడ్డాను కూడా. ఆ నిలబడడం ఇప్పటికీ కాళ్ళల్లో ఉంది. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా నా పేరు ఎర్రాకు. ఏయ్ ఎర్రాకూ, ఇలా రా. ఎర్రాకు బంతి పట్టాడ్రోయ్. వాళ్ళకి నిజంగా ఏదీ గుర్తుండకపోవచ్చు, నలభై ఏళ్ళయింది, వాళ్ళలో కొందరు నా దగ్గరే ప్యాంట్లు కుట్టించుకుంటారు, నడుము కొలత చెప్పడానికి వాళ్ళు పడే సిగ్గు నాకు తెలుసు, నా సిగ్గు వాళ్ళకి తెలీదు. తర్వాత పని నేర్చుకునే రోజుల్లో పెద్ద దర్జీ ఒక కోటు ఇచ్చి అంచు వెయ్యమన్నాడు. వేశాను. కుట్టు చూస్తే దేవుడు కూడా మెచ్చాలి, అంత సన్నగా. ఆయన కోటు తిప్పి చూసి చెంప మీద ఒక్కటిచ్చాడు. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాడు. నేను పొగరుతో, కావాలని, ఆకుపచ్చ కోటుకి ఎర్రదారం వేశాననుకున్నాడు. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, ఆ క్షణంలో నాకు ఊరటగా అనిపించింది. పొగరుబోతునని అనుకోనీ. చేతకానివాడినని మాత్రం తెలియకూడదు. మనిషి లోపల ఏ గదిలో ఏది దాచుకుంటాడో, దాని తలుపు ముందు దేన్ని కాపలా పెట్టుకుంటాడో. నేను పొగరుని పెట్టాను. ఏళ్ళ తరబడి అది అక్కడే కూర్చుంది, జీతం బత్తెం లేకుండా.

ఇంజను చప్పుడు కొంచెం తగ్గింది. వేలి వెనకవైపుతో బానెట్ అంచు తాకి చూశాను, ఇంకా కాలుతోంది. ఆసుపత్రి తలుపులోంచి ఎవరెవరో వస్తున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో కన్ను కట్టు, పక్కన చెయ్యి పట్టుకుని ఒకరు. చెయ్యి పట్టుకున్నవాళ్ళు మెట్టు మెట్టంటున్నారు, గుమ్మం గుమ్మమంటున్నారు. కనపడనివాళ్ళకి కనపడేవాళ్ళు లోకాన్ని నోటితో అందిస్తున్నారు. ఇది చూస్తూ ఉంటే ఏదో ఒకటి నా మనసు అంచుకి వచ్చి వెనక్కి పోయింది. చేపలా. మళ్ళీ వచ్చింది. మా ఇంట్లో మూణ్ణెల్లుగా ఏదో ఒకటి వినపడటం లేదు. గోడ గడియారం ఆగిపోతే ఆగిందని వెంటనే తెలీదు, ఇల్లు ఎందుకో వేరుగా ఉందని మాత్రం తెలుస్తుంది, అలా. ఏమిటది?

ఆమె మాటలు. మాటలంటే అన్ని మాటలూ కాదు. మా ఆవిడ వాగుడుకాయని నేను పెళ్ళైన నెలకే తీర్మానించాను. వస్తువుని వస్తువనదు. ఆ ఎర్ర తువ్వాలు అందుకోండి, అదే, తలుపు వెనక వేలాడేది. టమాటాలు పండినవి తెండి, కొంచెం మెత్తగా ఉన్నవి చూసి. ఆకుపచ్చ బిళ్ళ పొద్దున్న వేసుకోవాలి, పెద్దది. ఎదురింటివాళ్ళు గేటుకి రంగేశారండీ, ఎర్రరంగు, ఎంత ముదురేశారో. అన్నం వడ్డిస్తూ, బట్టలు మడతపెడుతూ, బస్సు కోసం నిలబడి, ఎప్పుడూ రంగులే. ఆడవాళ్ళ రంగుల పిచ్చి అనుకునేవాణ్ణి, విసుక్కునేవాణ్ణి, విసుక్కుంటూనే ఆ పేర్లు జేబులో వేసుకునేవాణ్ణి. ఎవరైనా కొత్త గేటు బాగుంది కదా అంటే, ఎరుపు మరీ ముదురేశారు అని నేనే అనేవాణ్ణి. మూణ్ణెల్ల నుంచి ఆ మాటలు లేవు. శుక్లాలు ముదిరి ఆమెకే రంగులు కనపడటం మానేశాయి, ఆమె చెప్పడం మానేసింది, నేను తువ్వాలు దొరక్క తడిచేతులతో నిలబడ్డాను. రంగు గుడ్డలు పక్కన పెట్టి తెల్లకోట్లూ నల్లప్యాంట్లూ మాత్రం కుడుతున్నాను, మిగతావాళ్ళకి మిషను పట్టా తెగిందని చెబుతున్నాను. ఇవాళ గరాజ్‌లో కూడా అదే జరిగింది. బావమరిది ఎర్రది మనది అన్నాడు, అక్కడితో ఆపేశాడు. ఆమె అయితే అక్కడితో ఆపేది కాదు. ఎర్రది మనదండీ, అదే, ముందు ఉన్నదనో వెనక ఉన్నదనో అనేది.

అదే. ఆ రెండక్షరాల దగ్గర నా చెయ్యి సీసా మీద బిగుసుకుంది. ఆమె ఎప్పుడూ రెండు గుర్తులు చెబుతుంది. రంగు ఒకటి, దాని వెనకే ఇంకోటి, తలుపు వెనక వేలాడేది, మెత్తగా ఉన్నది, పెద్దది. తమ్ముడికి చెప్పేటప్పుడు అలా చెప్పదు. ఆకుపచ్చ సంచి తీసుకురారా అంటుంది, అంతే, వాడు తెస్తాడు. పక్కింటావిడకి చెప్పేటప్పుడూ అంతే. రెండో గుర్తు ఒక్క నాకే. ఇరవై ఏడేళ్ళుగా, రోజుకి పాతికసార్లు, ఒక్క నాకే. మొదటిది లోకం కోసం, రెండోది నా కోసం. నేను వాగుడనుకున్నది వాగుడు కాదు.

అంటే ఎప్పట్నించి? మనసు పరిగెత్తి వెళ్ళి ఒకే ఒక్క సాయంత్రం ముందు ఆగింది. పెళ్ళైన తొలి ఏడాది. ఒక పెద్దావిడ గౌను కుట్టించుకుని వెళ్ళి గంటలో తిరిగొచ్చింది, బల్ల మీద పరిచింది, ఇదేం దారమయ్యా, నన్ను గంగిరెద్దుని చేద్దామనుకున్నావా అంది. మూడో బల్ల, నిలబడ్డ కాళ్ళు, పైకెత్తిన కాగితం. అప్పుడు కొట్టు వెనక ఇంట్లోంచి మా ఆవిడ వచ్చింది, చేతులు తుడుచుకుంటూ, ఇరవై రెండేళ్ళది. "తప్పు నాదండీ. దారం నేనే ఎక్కించాను. సాయంత్రమైతే నాకు కళ్ళు సరిగ్గా ఆనవు," అంది. పెద్దావిడ మెత్తబడింది, కళ్ళ సంగతి చూపించుకో అమ్మాయ్ అని సలహా కూడా ఇచ్చింది. ఆ గౌనుకి దారం ఎక్కించింది నేను. ఆ గౌను కుట్టిన రోజు ఆమె కొట్లోకే రాలేదు. నేనప్పుడు ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిచ్చిది, ఇంకేదో గౌననుకుని తనదే తప్పనుకుంటోంది, బతికాను అనుకున్నాను. మర్నాడు పొద్దున్నకి దారపు కండెలన్నిటికీ అంకెల చీటీలు చుట్టి ఉన్నాయి. నాకు తికమకగా ఉంటోందండీ, అంకెలైతే సులువు అంది. అప్పట్నించి ప్రతి గుడ్డ మూట మీదా చిన్న చీటీలో దానికి నప్పే దారం అంకె ఉండేది, రాత్రి పడుకోబోయే ముందు తను రాసి గుచ్చేది. అప్పుడామె కళ్ళు నిక్షేపంలా ఉండేవి. నా కోసం లేని గుడ్డితనం నెత్తినేసుకుంది. ఇప్పుడు అది నిజంగానే వచ్చింది, ఆమె లోపల ఏ కుర్చీలోనో తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది, మళ్ళీ నాకు రంగులు చెప్పడం మొదలుపెట్టడానికా అన్నట్టు.

నేను బంపరు మీద కూర్చున్నాను. ఇంజను వేడి వీపుకి తగులుతోంది, చలికాలం పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది. ఇన్నేళ్ళూ నేను మోసుకుంటూ వచ్చాననుకున్న బరువు నేను మొయ్యడం లేదని తెలిస్తే మనిషికి ముందు కోపం రావాలేమో. తెలిసీ చెప్పలేదే, ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్వుకుందా అని వెతికాను. లోపలంతా వెతికినా కోపం దొరకలేదు. ఆమె నవ్వుకోలేదు. నవ్వుకునే మనిషి అంకెలు చుట్టదు. నాకు తెలుసునని నువ్వు తెలుసుకోనక్కర్లేదు అన్న నిశ్చింతని ఒక మనిషి ఇంకో మనిషికి ఇవ్వగలిగితే అంతకన్నా పెద్దది ఏముంటుంది. థాంక్స్ చెప్పాల్సిన అవసరం కూడా లేకుండా చేసింది. ఆ అవసరం నా మీద పడుతుందని, పడితే నేను నలిగిపోతానని, దాన్ని కూడా తనే అడ్డుకుంది. కార్ల పెద్దాయన ఇటే చూస్తున్నాడు, మొహం కనపడకుండా లేచి బానెట్ లోపలికి తల పెట్టాను, ఇంజనుని పరీక్షిస్తున్నట్టు.

ఆమె వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, మెట్లు తనే చూసుకుని దిగుతూ వచ్చింది. చివరి మెట్టు దగ్గర మాత్రం ఆగి, దాన్ని కాసేపు చూసింది, పాత చుట్టాన్ని చూసినట్టు. "ఆఖరి వరస దాకా చదివానండీ. పక్కనాయన మూడో వరసలోనే ఆగిపోయాడు," అంది. తర్వాత ఎత్తి ఉన్న బానెట్ చూసింది, నా మొహం చూసింది. "ఏమైంది?"

మొదటి మాట నా పద్ధతిలోనే వచ్చింది. "కారు వేడెక్కింది, చిన్న సందేహం, దీని రంగు కొంచెం..." అని మొదలుపెట్టి ఆపేశాను. ఆమె ఎదురుచూస్తోంది. నాకోసం ఒక దారి అప్పుడే తెరిచి పెడుతోందని తెలిసిపోయింది, ఇంకో క్షణం ఆగితే తనే రంగు చెప్పేసి, అదే, మీ చేతిలోది అనేస్తుంది, నేను అడగక్కర్లేకుండా గండం గడిచిపోతుంది. "ఆగు," అన్నాను. "నన్ను అడగనీ. ఇది ఏ రంగు? నాకు తెలీదు."

ఆమె ఆశ్చర్యపోలేదు. అద్దాలు నుదుటి మీదికి తోసి, వెలుగుకి కళ్ళు చికిలించి, సీసా తీసుకుంది. ఎడమకన్ను మూసి చూసింది, కుడికన్ను మూసి చూసింది. మళ్ళీ మార్చింది. "ఏ కంటితో చెప్పమంటారు?" అంది. "ఈ కొత్త కంటికి కొత్త చిగురులా ఉంది. ఆ పాత కంటికి వాడిపోయిన తోటకూరలా ఉంది. ఎటు చూసినా ఆకుపచ్చే." ఇంజను పక్కన డబ్బా వైపు వంగింది. "ఇందులో మాత్రం బురద. ఎందులో ఏం పోశారండీ?"

బావమరిదికి నేనే ఫోన్ చేశాను. ఆమె చెయ్యి చాపింది, నేను ఇవ్వలేదు. "నీ కార్లో ఆకుపచ్చది పోశాను. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా కనపడదు," అన్నాను. రైలుస్టేషను చప్పుళ్ళ మధ్య వాడి గొంతు వచ్చింది. "ఎప్పట్నించి బావా?" "పుట్టినప్పట్నించి." "మరి నా పెళ్ళికోటు కుట్టింది నువ్వే కదా?" "కుట్టు నాది. దారం మీ అక్కది." "అనుకున్నా," అన్నాడు. "అంత బాగా కుదిరితే నీ ఒక్కడి పనై ఉండదని అప్పుడే అనుకున్నా." తర్వాత గొంతు తగ్గించి, "తప్పు నాదిలే. కాగితాలు చించకుండా ఉండాల్సింది. మా మెకానిక్‌ని పంపిస్తా, తాళం మాత్రం తిప్పకు," అన్నాడు. అంతే. పెద్ద దర్జీ లేచి రాలేదు, తరగతి నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుంటుంటే చెయ్యి తేలిగ్గా ఉంది, కొంచెం అనుమానంగా కూడా ఉంది, ఏదో ఎక్కడో మర్చిపోయి వచ్చినట్టు.

కార్ల పెద్దాయన తన కుర్చీ తెచ్చి ఆమెకి వేశాడు. నేను పక్కన నిలబడ్డాను. "ఆ గౌను రోజు," అన్నాను, "నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదూ?" "ఏ గౌను?" అంది. "ఆ పెద్దావిడది." ఆమె నల్లద్దాల వెనక ఏం చేసిందో తెలీదు. "ఏమో. సాయంత్రమైంది కదా," అంది. ఇంకేం ఒప్పుకోలేదు. కాసేపయ్యాక తనే, "నేనొకటి చెప్పాలి. లోపల వాళ్ళ గోడ చూస్తే తెల్లగా ఉంది. ఇంత తెలుపు ఉంటుందని నేను మర్చేపోయాను. అంటే రెండేళ్ళుగా నాకు తెలుపు తెలుపులా కనపళ్ళేదన్నమాట. ఆ పళ్ళ డాక్టరమ్మ తెల్లకోట్లకి ఏ అంకె గుచ్చానో," అంది. "పద్నాలుగు," అన్నాను. "పద్నాలుగు మీగడ రంగు దారమండీ," అంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. "ఆరు కోట్లు." పాపం డాక్టరమ్మ ఒక్క మాట కూడా అనలేదు. మర్యాదస్తురాలు. ఇద్దరికీ నవ్వాగలేదు, కంటికి అదురు తగలకూడదన్నారని ఆమె తల కదలకుండా పట్టుకుని నవ్వింది.

మెకానిక్ స్కూటరు మీద వచ్చాడు, లావుపాటి మనిషి, రెండు డబ్బాలు కాళ్ళ మధ్య పెట్టుకుని. ముందు చేత్తో గొట్టాలన్నీ తడిమాడు. "ఇదిగో, ఈ పట్టీ వదులైంది, ఇక్కణ్ణించి కారుతోంది. వేడెక్కింది అందుకు. మీరు పోసినదాని వల్ల కాదు. ఇంతదూరమే కదా వచ్చింది, కడిగేస్తే పోతుంది. ఇలాగే నెల తిరిగితే అప్పుడు ఏడవాలి," అన్నాడు. పట్టీ బిగించి, కింద తొట్టి పెట్టి లోపలున్నదంతా వదిలేశాడు, శుభ్రమైన నీళ్ళు పోసి ఇంజను తిప్పాడు, మళ్ళీ వదిలేశాడు, బయటికొచ్చే నీళ్ళలో నలక లేదనిపించేదాకా. నేను మూడుసార్లు క్షమాపణ చెప్పబోయాను. "ఎర్రది పొయ్యమన్నాడు, నాకు ఎరుపు తెలీదు," అని నాలుగోసారి చెప్పాను. అతను తల ఎత్తలేదు. "ఎరుపు తెలిసినా ఏం లాభం సార్. రంగు కంపెనీవాడి ఇష్టం. ఒకే సరుకు ఒకడు ఎర్రగా అమ్ముతాడు, ఒకడు నీలంగా అమ్ముతాడు. కళ్ళున్నవాళ్ళే నా దగ్గరికి ఎక్కువ వస్తారు." లేచి జేబులు తడుముకున్నాడు, చొక్కా, ప్యాంటు, మళ్ళీ చొక్కా. "కళ్ళజోడు మా షెడ్డులో వదిలేసొచ్చాను. ఈ చిన్నక్షరాలు నాకు ఆనవు. షాపువాడు రెండు రకాలిచ్చాడు, సరిపోనిది తిరిగిచ్చెయ్యమన్నాడు. కార్లో ముందు అరలో పుస్తకం ఉంటుంది, తియ్యండి సార్. ఏది పొయ్యాలో అందులో ఉంటుంది."

పుస్తకం తీశాను. వెనక పేజీల్లో, పట్టికలో, నాలుగు అక్షరాలూ రెండు అంకెలూ. వాటిని రెండుసార్లు పైకి చదివాను. అతను రెండు డబ్బాలూ చెరో చేత్తో నా మొహం ముందుకి ఎత్తాడు. ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి, అద్దాలు పైకి తోసి, ఒక కంటితో చూసింది, రెండో కంటితో చూసింది, రెండూ తెరిచి చూసింది. "రెండూ ఎర్రవేనండీ," అంది. ఈసారి ఇంకే గుర్తూ చెప్పలేదు.

నేను అతని ఎడం చేతిలో డబ్బా వెనక చీటీ చదివాను, కుడి చేతిలోది చదివాను. దర్జీ కన్ను, సూది బెజ్జంలో దారం ఎక్కించే కన్ను, ఎంత చిన్న అక్షరమైనా దానికి కష్టం కాదు. ఒకదాని మీద ఆఖరి అంకె పుస్తకంలో ఉన్నది కాదు.

"ఏది సార్?" అన్నాడు మెకానిక్, చేతులు నొప్పెట్టి.

"కుడి చేతిలోది," అన్నాను.